థైరాయిడ్ మాత్ర మార్చాలనుకుంటున్నారా? మార్చే పద్ధతి, మంచి డాక్టర్‌ను గుర్తుపట్టే పద్ధతి

ఏళ్ల తరబడి థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నా నీరసం వదలనివాళ్లున్నారు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయమని మెదడు కింది పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోన్; థైరాయిడ్ హార్మోన్ చాలకపోతే ఇది పెరుగుతుంది) ఒకసారి 2, ఇంకోసారి 9 అంటూ ఊగిసలాడేవాళ్లున్నారు. అలవాటైన కంపెనీ మందు దొరకక వేరేది తెచ్చుకుని, అప్పటినుంచి ఒంట్లో బాగోలేదనుకునేవాళ్లూ ఉన్నారు. అందరికీ చివరికి వచ్చే సందేహం ఒకటే: మందు మార్చాలా, డాక్టర్‌ను మార్చాలా? రెండూ మార్చవచ్చు. కానీ రెండూ ఒకే వారంలో మార్చవద్దు. ఒకసారికి ఒక్కటే మార్చి, ఆరు వారాలు ఆగి, రక్తపరీక్షతో సరిచూసుకుంటేనే దేనివల్ల మేలు జరిగిందో, దేనివల్ల చెడిందో తేలుతుంది. కింద రాసినదంతా ఈ ఒక్క నియమం మీదే నడుస్తుంది.

ఇందులో ఎక్కువ భాగం హైపోథైరాయిడ్ గురించి, అంటే గ్రంథి చాలినంత హార్మోన్ తయారుచేయకపోవడం గురించి. హైపర్, అంటే హార్మోన్ ఎక్కువగా తయారవడం, దాని మందుల సంగతి విడిగా కింద ఉంది. డోసు లెక్కలు ఇస్తున్నది డాక్టర్ చెప్పేది మీకు అర్థం కావడానికీ, సరైన ప్రశ్న అడగడానికీ. చీటీ లేకుండా ఇంట్లో మీరే మార్చేసుకోవడానికి మాత్రం కాదు.

1. ముందు మాత్ర వేసుకునే తీరు చూసుకోండి

హైపోకు ఇచ్చే థైరాయిడ్ మాత్రలోని మందు పేరు లెవోథైరాక్సిన్. ఇది మైక్రోగ్రాముల్లో పనిచేసే మందు. పరగడుపున వేసుకుంటే 60 నుంచి 80 శాతం వరకు ఒంటికి పడుతుంది. అదే తిండితోనో వేరే మాత్రలతోనో కలిస్తే ఎంత పడుతుందో చెప్పలేం. ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ పడుతుంటే కంపెనీ మార్చినా, డోసు మార్చినా ఫలితం నిలకడగా ఉండదు. "మందు పనిచేయడం లేదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి అసలు కారణం ఇక్కడే దొరుకుతుంది.

మాత్రను మంచినీళ్లతో మాత్రమే మింగాలి. ఆ తర్వాత అరగంట నుంచి గంట వరకు ఏమీ తినకూడదు, తాగకూడదు. కాఫీ కూడా తాగకూడదు, పాలు లేనిదైనా సరే. మాత్ర మింగిన వెంటనే కాఫీ తాగడం, టీఎస్‌హెచ్ పెరగడం, డాక్టర్ డోసు పెంచడం ఇలా సాగిపోతుంటుంది. సెలవులకు ఎక్కడికైనా వెళ్లి కాఫీ వేళ మారిందంటే ఆ పెరిగిన డోసే ఎక్కువై గుండె దడ మొదలవుతుంది.

కాల్షియం, ఐరన్, అసిడిటీకి వాడే యాంటాసిడ్లు, సుక్రాల్ఫేట్, కొలెస్టిరమిన్, కిడ్నీ జబ్బులో ఫాస్ఫేట్ తగ్గించడానికి ఇచ్చే మందులు పేగులోనే లెవోథైరాక్సిన్‌ను పట్టేసుకుంటాయి. వీటికీ దీనికీ 4 గంటల ఎడం ఉండాలి. మల్టీవిటమిన్ మాత్రల్లోనూ ఐరన్, కాల్షియం ఉంటాయన్నది చాలామంది మరిచిపోతారు. సోయా, పీచు ఎక్కువగా ఉండే పొడులు మానేయనక్కర్లేదు. రోజూ ఒకే మోతాదులో, ఒకే వేళకు, మాత్రకు దూరంగా తీసుకుంటే చాలు.

అసిడిటీకి వాడే ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటివాటి సంగతి వేరు. ఇవి మాత్రను పట్టేసుకోవు. కడుపులో ఆమ్లాన్నే తగ్గించేస్తాయి, ఆ ఆమ్లం లేకపోతే లెవోథైరాక్సిన్ మాత్ర సరిగ్గా కరగదు. కాబట్టి ఎన్ని గంటల ఎడం ఇచ్చినా ఉపయోగం ఉండదు. ఇవి రోజూ తప్పనివాళ్లకు డోసు పెంచాల్సి రావచ్చు, లేదా ద్రవ రూపంలోనో మెత్తటి జెల్ క్యాప్సూల్ రూపంలోనో దొరికే లెవోథైరాక్సిన్‌కు మారాల్సి రావచ్చు.

ఉదయం హడావిడిలో కుదరనివాళ్లు రాత్రి పడుకునే ముందు వేసుకోవచ్చు. షరతు ఒక్కటే: చివరిసారి తిని కనీసం 3 గంటలు అయి ఉండాలి. ఉదయమా రాత్రా అన్నది పెద్ద తేడా కాదు, రోజుకో వేళ కాకుండా ఉండటమే ముఖ్యం.

ఇక మరిచిపోవడం. రెండు మూడు నెలలు అప్పుడప్పుడు మానేసి, టెస్టుకు వారం ముందునుంచి క్రమం తప్పకుండా వేసుకున్నవాళ్ల రిపోర్టు చూడగానే దొరికిపోతుంది. ఫ్రీ టీ4 (రక్తంలో వాడకానికి సిద్ధంగా ఉన్న థైరాయిడ్ హార్మోన్) నార్మల్‌గానో కాస్త ఎక్కువగానో ఉంటుంది, టీఎస్‌హెచ్ మాత్రం ఎక్కువగానే ఉంటుంది. ఫ్రీ టీ4 నాలుగు రోజుల్లో లేచి నిలబడుతుంది. టీఎస్‌హెచ్ తేరుకోవడానికి వారాలు పడుతుంది. ఇలాంటప్పుడు మానేసిన సంగతి డాక్టర్‌కు చెప్పేయండి. దాచిపెడితే నష్టం మీకే, అక్కర్లేని డోసు పెరుగుతుంది. ఒకరోజు మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే కడుపు ఖాళీగా ఉన్నప్పుడు వేసుకోండి. మర్నాడు రెండు వేసుకోవచ్చా అన్నది మీ డాక్టర్‌ను ముందే అడిగి పెట్టుకోండి. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు 7 రోజులు పడుతుంది కాబట్టి ఒకరోజు తప్పితే కంగారు పడాల్సిన పనిలేదు.

మాత్రలను బాత్‌రూమ్‌లో, పొయ్యి పక్కన, ఎండ పడే కిటికీలో పెట్టకండి. వేడి, తేమ, వెలుతురు మూడూ దీని బలాన్ని తగ్గిస్తాయి. స్ట్రిప్‌లో వచ్చినదాన్ని వేసుకునే రోజు వరకు స్ట్రిప్‌లోనే ఉంచండి.

ఇవన్నీ సరిచేసుకున్నాక ఆరు వారాలు ఆగి టెస్ట్ చేయించుకోండి. చాలామందికి మందు మార్చే అవసరం ఇక్కడితోనే తీరిపోతుంది.

2. రిపోర్టు నమ్మదగినదేనా?

మందు మార్చేముందు చేతిలో ఒక గట్టి రిపోర్టు ఉండాలి. అందులో టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 రెండూ ఉండాలి. రక్తం ఇచ్చే రోజు మాత్ర వేసుకోకుండా వెళ్లండి, రక్తం ఇచ్చాక వేసుకోండి. మాత్ర మింగిన కొన్ని గంటలపాటు ఫ్రీ టీ4 తాత్కాలికంగా పెరిగి కనిపిస్తుంది. టీఎస్‌హెచ్ రాత్రి, తెల్లవారుజామున ఎక్కువగా, మధ్యాహ్నం తక్కువగా ఉంటుంది. అందుకే ప్రతిసారీ ఉదయం ఒకే వేళకు, ఒకే ల్యాబ్‌లో ఇస్తేనే రెండు రిపోర్టులను పక్కపక్కన పెట్టి పోల్చగలం.

జుట్టు, గోళ్ల కోసం వాడే మాత్రల్లో బయోటిన్ ఉంటుంది. కొన్ని ల్యాబ్ యంత్రాలను ఇది పూర్తిగా తప్పుదారి పట్టిస్తుంది. లేని హైపర్ ఉన్నట్టు టీఎస్‌హెచ్ తక్కువగా, టీ4 ఎక్కువగా వస్తుంది. ఒంట్లో ఏ మార్పూ ఉండదు, కాగితం మీద మాత్రమే ఉంటుంది. ఆ కాగితం చూసి డోసు తగ్గిస్తే నిజంగానే హైపో ముదురుతుంది. టెస్టుకు కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపండి. పెద్ద మోతాదులో వాడుతుంటే ఇంకా ముందే ఆపాలి.

టీఎస్‌హెచ్ అంకెల్లో పెద్ద తేడా కనిపించినా అసలు హార్మోన్‌లో తేడా చిన్నదే కావచ్చు. ఫ్రీ టీ4 సగానికి తగ్గితే టీఎస్‌హెచ్ దాదాపు వంద రెట్లు పెరిగే స్వభావం దానిది. అందుకని 2.1 నుంచి 3.4కు పెరిగిందని గాబరా పడకండి. పెద్దవాళ్లలో మామూలు పరిధి సుమారు 0.4 నుంచి 4.0 వరకు ఉంటుంది. వయసు మళ్లినవాళ్లకు కాస్త ఎక్కువ ఉన్నా పర్వాలేదు. థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్లకు కావాలనే తక్కువగా ఉంచవచ్చు. పిట్యూటరీ గ్రంథి లోపంవల్ల హైపో వచ్చినవాళ్లకు టీఎస్‌హెచ్ చూసి డోసు నిర్ణయించడమే తప్పు. వాళ్లకు ఫ్రీ టీ4 ఒక్కటే ఆధారం.

3. తప్పు థైరాయిడ్‌దేనా?

టీఎస్‌హెచ్ 1.5 దగ్గర నిలకడగా ఉండి కూడా ఒళ్లు బరువుగా ఉంటే మందు మార్చే ముందు ఇంకొన్ని చూడాలి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బీ12, విటమిన్ డీ, షుగర్ చేయించాలి. రాత్రి గురకతో నిద్ర తెగిపోవడం, డిప్రెషన్, బహిష్టులు ఆగిపోయే వయసు ఇవన్నీ అచ్చం హైపోలాగే ఉంటాయి. హాషిమోటో (రోగనిరోధక శక్తే థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీసే జబ్బు) ఉన్నవాళ్లకు కడుపులోని ఆమ్లం, బీ12 తగ్గించే ఆటోఇమ్యూన్ గ్యాస్ట్రైటిస్, సీలియాక్ జబ్బు (గోధుమల్లోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినడం) కూడా తోడయ్యే అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువ. ఆ రెండూ మాత్రను ఒంటికి పట్టనివ్వవు. బరువుకు తగ్గ డోసుకంటే చాలా ఎక్కువ వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ దిగడం లేదంటే వీటికోసం వెతకాలి.

ఆ లెక్క ఇది. గ్రంథి పూర్తిగా పనిచేయనివాళ్లకు రోజుకు కిలో బరువుకు సుమారు 1.6 మైక్రోగ్రాములు సరిపోతుంది. 60 కిలోల మనిషికి 96, అంటే 100 మాత్ర. అదే మనిషికి 175 ఇచ్చినా చాలడం లేదంటే 200కు పెంచే ముందు ఆగి, అది ఎక్కడ పోతోందో కనుక్కోవాలి.

ఒక హెచ్చరిక. నిలబడితే కళ్లు తిరగడం, వాంతులు, కారణం లేకుండా బరువు తగ్గడం, చర్మం నల్లబడటం ఉంటే డోసు పెంచకముందే కార్టిసాల్ పరీక్ష చేయించాలి. కార్టిసాల్ తయారుచేసే ఎడ్రినల్ గ్రంథి లోపం ఉన్నవాళ్లకు దాన్ని సరిచేయకుండా థైరాయిడ్ హార్మోన్ ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది.

4. మార్పు: ఏది మారుస్తున్నారో ముందు స్పష్టంగా రాసుకోండి

స్ట్రిప్ తీసుకుని వెనక చదవండి. మందు పేరు, బలం, తయారీ కంపెనీ, గడువు తేదీ నాలుగూ ఫోటో తీసి ఉంచుకోండి. బలాన్ని కొన్నిచోట్ల మిల్లీగ్రాముల్లో వేస్తారు. 0.1 మి.గ్రా. అంటే 100 మైక్రోగ్రాములు, 0.05 అంటే 50, 0.025 అంటే 25. దశాంశ బిందువు దగ్గర పొరబడితే డోసు పదింతలవుతుంది. కాబట్టి కొత్త స్ట్రిప్ తెచ్చిన ప్రతిసారీ పాతదాని పక్కన పెట్టి చూడండి.

కంపెనీ మార్పు. లోపలి హార్మోన్ ఒకటే అయినా దానితో కలిపే పదార్థాలు వేరు. లాక్టోజ్, పిండి పదార్థాలు, రంగులు కంపెనీనిబట్టి మారతాయి. అవి మారితే మాత్ర కరిగే తీరు కొద్దిగా మారవచ్చు. ఈ తేడాల వల్లే అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2007లో నిబంధన బిగించి, గడువు తీరేదాకా మాత్ర బలం పేరు మీద ఉన్నదాంట్లో 95 నుంచి 105 శాతం మధ్యే ఉండాలంది. ఫ్రాన్స్‌లో 2017లో మెర్క్ కంపెనీ తన లెవోథైరాక్స్‌లో లాక్టోజ్ తీసేసి మానిటాల్, సిట్రిక్ యాసిడ్ పెట్టింది. హార్మోన్ మారలేదు. అయినా వేలమంది ఇబ్బందులు చెప్పుకున్నారు. చివరికి వేరే కంపెనీల మందులు కూడా అందుబాటులోకి తేవలసి వచ్చింది. కాబట్టి కంపెనీ మారాక తేడాగా ఉందని మీరంటే దాన్ని కొట్టిపారేయకూడదు. అలాగని పాతదే పట్టుకుని కూర్చోనక్కర్లేదు కూడా. అదే డోసులో కొత్త కంపెనీకి మారి 6 నుంచి 8 వారాలకు టీఎస్‌హెచ్ చూడండి. సరిగ్గా ఉంటే ఇక దాని మీదే ఉండండి. నెలకో కంపెనీ మారడమే అసలు చిక్కు. రంగు పడటం లేదన్న అనుమానం ఉంటే డాక్టర్‌తో మాట్లాడి, రంగు లేని తెల్లటి 50 మాత్రలతోనే మీ డోసు కూర్చుకోవచ్చు. ఉదాహరణకు 100కు రెండు, 75కు ఒకటిన్నర.

డోసు మార్పు. సాధారణంగా ఒకసారికి 12.5 నుంచి 25 మైక్రోగ్రాములకు మించి మార్చరు. వయసు మళ్లినవాళ్లకు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఇంకా నెమ్మదిగా వెళ్లాలి. మొదలుపెట్టడమే 12.5 లేదా 25తో. మధ్యలో సరిపడే మాత్ర దొరకనప్పుడు వారం మొత్తం లెక్క వేసుకుంటే పని తేలికవుతుంది. రోజు విడిచి రోజు 75, 100 వేసుకుంటే సగటున 87.5. ఆరు రోజులు 100, ఏడో రోజు 50 అయితే వారానికి 650, రోజుకు సుమారు 93. మందు ఒంట్లో వారం నిలిచేది కాబట్టి ఇలా హెచ్చుతగ్గులుగా వేసుకున్నా రక్తంలో సమంగానే ఉంటుంది. ఏ రోజు ఏది అన్నది క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి.

టీ3 కలపడం. లెవోథైరాక్సిన్ టీ4. ఒళ్లు దాన్ని టీ3గా మార్చుకుని వాడుకుంటుంది. టీఎస్‌హెచ్ సరిగ్గా ఉండి, పైన చెప్పిన మిగతా కారణాలన్నీ తోసిపుచ్చాక కూడా బాగోలేనివాళ్లకు కొందరు డాక్టర్లు లియోథైరోనిన్, అంటే తయారుచేసిన టీ3ని, కొద్దిగా కలిపి చూస్తారు. పరిశోధనల్లో సగటున టీ4 ఒక్కటే వాడినదానికంటే మెరుగని తేలలేదు. అయినా కొంతమంది స్పష్టంగా దీన్నే ఇష్టపడ్డారు. ప్రయత్నం చేయవచ్చు, కొలతగా చేయాలి. యూరోపియన్ థైరాయిడ్ అసోసియేషన్ 2012లో ఇచ్చిన సూచనల ప్రకారం టీ4, టీ3 నిష్పత్తి 13:1 నుంచి 20:1 మధ్య ఉండాలి. లెక్క ఇలా: ఇప్పటి టీ4 డోసును 20తో భాగిస్తే వచ్చేది టీ3. దానికి మూడు రెట్లు టీ4లోంచి తీసేయాలి. 100 వేసుకునేవాళ్లకు టీ3 5 మైక్రోగ్రాములు, టీ4 85. టీ4 తగ్గించకుండా టీ3 పైన వేసేయడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. పాత టీ4 ఇంకా వారాలపాటు ఒంట్లో ఉంటుంది, కొత్త టీ3 మాత్రం వేసుకున్న 2 నుంచి 4 గంటల్లో శిఖరానికి చేరుతుంది. దడ, చెమటలు, చేతులు వణకడం అప్పుడే వస్తాయి. రోజులో రెండు భాగాలుగా వేసుకుంటే ఈ ఎగుడుదిగుళ్లు తగ్గుతాయి. గుండె లయ తప్పే జబ్బు, గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవాళ్లకు, గర్భం కోరుకుంటున్నవాళ్లకు ఇది పనికిరాదు. కడుపులో బిడ్డ మెదడుకు తల్లి టీ4 కావాలి, టీ3 ఆ పని చేయదు. మూడు నుంచి ఆరు నెలలు చూసి, తేడా లేకపోతే పాతదానికి వచ్చేయాలని ముందే మాట్లాడుకోండి.

ఎండబెట్టిన పంది గ్రంథి మాత్రలు. ఒక గ్రెయిన్ (ఈ మాత్రల బలాన్ని చెప్పే పాత కొలత) మాత్రలో సుమారు 38 మైక్రోగ్రాముల టీ4, 9 మైక్రోగ్రాముల టీ3 ఉంటాయి. అంటే దాదాపు 4:1. మనిషి గ్రంథి విడుదల చేసేది సుమారు 14:1. సహజమైనదని పేరున్నా మనిషికి సహజమైన కొలత కాదది. మా అభిప్రాయంలో టీ3 అవసరమనుకుంటే విడిగా కొలిచి వేసుకునే పద్ధతే మేలు. దీన్నుంచి లెవోథైరాక్సిన్‌కు మారేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. ఒక గ్రెయిన్‌కు బదులు సుమారు 88 నుంచి 100 మైక్రోగ్రాముల లెవోథైరాక్సిన్ ఇస్తారు. పాత మాత్రలోని టీ3 కొద్ది రోజుల్లోనే పోతుంది, కొత్త టీ4 పూర్తిగా పేరుకోవడానికి ఆరు వారాలు పడుతుంది. రెండో వారం, మూడో వారం నీరసంగా అనిపిస్తే కారణం ఈ మధ్య ఖాళీయే. ఆ ఖాళీలో డోసు పెంచేసుకుంటే ఎనిమిదో వారానికి ఎక్కువై కూర్చుంటుంది.

5. మార్చిన తర్వాతి ఆరు వారాలు

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. మార్చిన తేదీ, పాత మందు, కొత్త మందు మొదటి పేజీలో రాయండి. తర్వాత వారానికోసారి, రోజూ కాదు, నాలుగే నాలుగు రాయండి: ఉదయం లేవగానే నాడి వేగం, బరువు, నిద్ర, విరేచనం. మరీ ఎక్కువ రాస్తే ప్రతి చిన్న మార్పూ మందువల్లేననిపిస్తుంది. శక్తి రెండు మూడు వారాల్లో తెలుస్తుంది. జుట్టు, చర్మం తేరుకోవడానికి నెలలు పడుతుంది. కాబట్టి జుట్టు రాలుతోందని మూడో వారంలో మందు మార్చకండి.

ఈ ఆరు వారాల్లో కొత్త సప్లిమెంట్, కొత్త డైట్, కొత్త అసిడిటీ మాత్ర మొదలుపెట్టవద్దు. తప్పనిసరి అయితే తేదీ వేసి రాయండి. ఈస్ట్రోజెన్ మాత్రలు, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపైన్, క్షయకు వాడే రిఫాంపిసిన్ ఇవన్నీ థైరాయిడ్ అవసరాన్ని పెంచుతాయి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లకు మాత్రం చిక్కు రెండోవైపు. థైరాయిడ్ డోసు పెరిగితే రక్తం ఇంకా పలచబడుతుంది, ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూపే పరీక్ష) వెంటనే చూపించుకోవాలి. షుగర్ మందుల డోసు కూడా మారవచ్చు.

ఛాతీ నొప్పి, ఊపిరి అందకపోవడం, ఆగకుండా దడ, నాడి లయ తప్పడం వస్తే ఆరు వారాలు ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మందు చాలాకాలం మానేసినవాళ్లు మత్తుగా, పొంతన లేకుండా మాట్లాడుతూ, ఒళ్లు చల్లబడుతుంటే అదీ అత్యవసరమే.

గర్భం నిలిచిందని తెలిసిన రోజే డాక్టర్‌కు ఫోన్ చేయాలి, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు. అప్పటికే లెవోథైరాక్సిన్ మీద ఉన్నవాళ్లకు అవసరం 25 నుంచి 30 శాతం పెరుగుతుంది. వారానికి ఏడు మాత్రలకు బదులు తొమ్మిది వేసుకోవడం అందరూ వాడే తేలిక పద్ధతి. గర్భం కోసం ప్రయత్నిస్తున్నప్పుడే "పాజిటివ్ వస్తే ఏం చేయాలి" అన్నది చీటీ మీద రాయించుకోండి. ఐదో నెల వరకు నాలుగు వారాలకోసారి టెస్ట్, టీఎస్‌హెచ్ 2.5కు లోపు ఉండాలి. కాన్పయ్యాక పాత డోసుకు వచ్చి, ఆరు వారాలకు మళ్లీ చూడాలి.

6. ఎలాంటి డాక్టర్ కావాలి?

మామూలు హైపో, డోసు నిలకడగా ఉంటే ఎండోక్రినాలజిస్ట్ (హార్మోన్ జబ్బుల డాక్టర్) అవసరం లేదు. శ్రద్ధగా చూసే ఫ్యామిలీ డాక్టర్ చాలు. ఏడాదికోసారి టెస్ట్ చేయించి చీటీ రాస్తే సరిపోయే పని అది. ఎండోక్రినాలజిస్ట్ కావలసింది వీళ్లకు: గర్భిణులు, పిల్లలు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, మెడలో గడ్డ ఉన్నవాళ్లు, హైపర్, కళ్లు ముందుకు పొడుచుకొస్తున్నవాళ్లు, పిట్యూటరీ లేదా ఎడ్రినల్ సమస్య ఉన్నవాళ్లు, సరిగ్గా వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ నిలవనివాళ్లు. ఎండోక్రినాలజిస్టుల్లోనూ చాలామంది రోజంతా షుగర్ జబ్బే చూస్తారు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "డాక్టర్ గారు థైరాయిడ్ కేసులు ఎక్కువగా చూస్తారా, మెడ అల్ట్రాసౌండ్, సూదితో తీసే పరీక్ష ఇక్కడే చేస్తారా" అని అడగండి. అర్హతను ఆ దేశపు మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో చూసుకోండి.

మొదటిసారి వెళ్లేటప్పుడు ఒకే కాగితం తీసుకెళ్లండి. అందులో తేదీ, ఆ రోజు వేసుకుంటున్న డోసు, టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 నాలుగు గడులుగా గీసి, పాత రిపోర్టులన్నీ వరుసగా ఎక్కించండి. కింద ఇప్పుడు వాడుతున్న అన్ని మందులు, సప్లిమెంట్లు, వేళలతో సహా రాయండి. ఆ పట్టిక చూస్తే డోసు ఎప్పుడు మారింది, అంకె ఎప్పుడు కదిలింది అన్నది డాక్టర్‌కు అరనిమిషంలో తెలుస్తుంది. విడి రిపోర్టుల కట్ట ముందు పెడితే ఉన్న పది నిమిషాలూ తిరగేయడానికే సరిపోతాయి.

మంచి డాక్టర్ ఏం చేస్తారో గమనించండి. మాత్ర ఎప్పుడు, దేనితో వేసుకుంటారని అడుగుతారు. ఈ ఒక్క ప్రశ్న అడగకుండా డోసు మార్చేవాళ్ల మీద నమ్మకం పెట్టుకోవడం కష్టం. మెడ తడిమి చూస్తారు, గుటక వేయమంటారు. నాడి చూస్తారు, మడమ దగ్గర చిన్న సుత్తితో తట్టి కండరం ఎంత నెమ్మదిగా సడలుతోందో చూస్తారు. మీకు లక్ష్యంగా పెట్టుకున్న టీఎస్‌హెచ్ ఎంతో చెబుతారు. మళ్లీ టెస్ట్ ఎప్పుడో చెబుతారు. యాంటీ టీపీఓ (హాషిమోటోను పట్టిచ్చే యాంటీబాడీ పరీక్ష) ఒకసారి పాజిటివ్ వచ్చాక ప్రతిసారీ రాయరు, ఎందుకంటే ఆ అంకెనుబట్టి డోసు మారదు. మెడలో గడ్డ తగలకపోతే హైపో ఒక్కదానికే అల్ట్రాసౌండ్ రాయరు.

ఈ కింది మాటలు వినిపిస్తే లేచి వచ్చేయండి. "మూడు నెలల్లో మాత్ర మాన్పిస్తాను." "టీఎస్‌హెచ్ ఎంత తగ్గితే అంత మంచిది." అది నిజం కాదు. 0.1కి దిగువన ఎక్కువకాలం ఉంటే గుండె లయ తప్పుతుంది, బహిష్టులు ఆగిన ఆడవాళ్లలో ఎముకలు పలచబడతాయి. పెద్ద మోతాదులో అయోడిన్ చుక్కలు, సముద్రపు నాచు మాత్రలు ఇచ్చేవాళ్ల దగ్గరా ఉండవద్దు. హాషిమోటోకు అవి మంటలో నూనె పోయడమే. తమ దగ్గరే అమ్మే సప్లిమెంట్లతో చికిత్స మొదలుపెట్టేవాళ్లూ అంతే. ఇంకోవైపు, రిపోర్టు నార్మల్ అని చెప్పి మీ బాధ వినకుండా పంపేసేవాళ్లూ మంచి డాక్టర్లు కారు. "థైరాయిడ్ బాగుంది, మరి ఈ నీరసం దేనివల్లో చూద్దాం" అనగలగాలి.

ఆపరేషన్ అవసరమైతే సర్జన్‌ను ఏడాదికి ఎన్ని థైరాయిడ్ ఆపరేషన్లు చేస్తారని నేరుగా అడగండి. 25కు మించి చేసేవాళ్ల చేతిలో చిక్కులు తక్కువని అధ్యయనాల్లో తేలింది. ఇక్కడ చిక్కులంటే గొంతు నరం దెబ్బతిని మాట బొంగురుపోవడం, పారాథైరాయిడ్లు (థైరాయిడ్ వెనక ఉండి కాల్షియంను చూసుకునే చిన్న గ్రంథులు) దెబ్బతిని కాల్షియం పడిపోవడం.

హైపర్ మందులు మార్చేవాళ్లకు

కార్బిమజోల్ ఒంట్లోకి వెళ్లి మెథిమజోల్‌గా మారుతుంది. 10 మి.గ్రా. కార్బిమజోల్ సుమారు 6 మి.గ్రా. మెథిమజోల్‌తో సమానం. కార్బిమజోల్‌కు బదులు మెథిమజోల్ అదే అంకెలో ఇస్తే డోసు ఎక్కువైపోతుంది. గర్భం మొదటి నెలల్లో ప్రొపైల్‌థయోయురాసిల్‌కు మారుస్తారు. దానివల్ల కాలేయం దెబ్బతినవచ్చు కాబట్టి కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం కనిపిస్తే ఆపేసి డాక్టర్‌కు చెప్పాలి. ఈ మూడింట్లో ఏది వాడుతున్నా జ్వరం, గొంతునొప్పి, నోటి పుండ్లు వస్తే మాత్ర ఆపి అదే రోజు తెల్ల రక్తకణాల పరీక్ష చేయించాలి. అరుదుగానైనా ఆ కణాలు పూర్తిగా పడిపోయే ప్రమాదం ఉంది, మొదటి మూడు నెలల్లో ఎక్కువ. చికిత్స మొదలైన తర్వాత చాలా వారాలు టీఎస్‌హెచ్ అణిగే ఉంటుంది. అది చూసి డోసు పెంచకూడదు, ఫ్రీ టీ4, టీ3 చూడాలి.

డాక్టర్‌ను మార్చేటప్పుడు

పాత డాక్టర్ దగ్గరినుంచి చికిత్స వివరాలు, అల్ట్రాసౌండ్ ఉంటే దాని రిపోర్టు తీసుకోండి. కనీసం రెండు నెలలకు సరిపడా మాత్రలు చేతిలో ఉంచుకోండి, కొత్త అపాయింట్‌మెంట్ ఆలస్యమైనా మందు ఆగకూడదు. కొత్త డాక్టర్ మొదటి రోజే డోసు మారిస్తే ఏ అంకె చూసి మారుస్తున్నారో అడగండి. మళ్లీ రక్తం ఇవ్వవలసిన తేదీ చీటీ మీద రాయించుకుని రండి.